కుడి చెయ్యి ఇస్త్రీ

ప్రభుత్వానికి ఏదో ఒక వారోత్సవం లేకపోతే పొద్దుపోదు. మొక్కలు నాటే వారం అయింది, చేతులు కడుక్కునే వారం అయింది, ఎలకల్ని నిర్మూలించే వారం కూడా అయింది. ఎలకలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకేం జరపాలో తోచక పెద్దలంతా తలలు పట్టుకుని కూర్చున్న సమయంలో పోలీసు శాఖలో ఎవరో మహానుభావుడు స్వాధీన వారోత్సవాలు కనిపెట్టాడు. నేరం జరిగాక వస్తువుని స్వాధీనం చేసుకోవడం పాతకాలపు పద్ధతి అనీ, వస్తువుని ముందే స్వాధీనం చేసేసుకుంటే నేరం దానంతటదే ఆగిపోతుందనీ ఆయన సిద్ధాంతం. వినడానికి బాగానే ఉంది. దాంతో ప్రతి స్టేషనూ ఆ వారంలో కనీసం ఒక మారణాయుధం, ఒక వాహనం, ఒక అగ్నికారక పదార్థం స్వాధీనం చేసుకుని, వాటి వెనకాల వరసగా నిలబడి ఫొటో దిగి పంపాలని ఉత్తర్వులు వచ్చాయి.

ఆ ఉత్తర్వులు చూసి జగ్గన్నదొడ్డి టౌను ఎస్సై పురంధర్‌కి చెమటలు పట్టాయి. జగ్గన్నదొడ్డి కాలవ గట్టునుండే చిన్న టౌను. అక్కడి జనానికి కోపం వస్తే నోటితోనే పని కానిస్తారు. కత్తులంటూ ఉన్నవి కొబ్బరికాయలు దింపే వాళ్ళ దగ్గరే ఉన్నాయి, వాటి జోలికి వెళితే తోటల ఆసాములు ఊరుకోరు. మోటారు సైకిళ్ళు పడదామంటే ఆపిన ప్రతివాడూ ఎవరో ఒకరి బావమరిది అవుతున్నాడు. ఇక అగ్నికారక పదార్థం అంటే టీ కొట్టు స్టవ్వు ఒక్కటే ఉంది, అది పట్టుకుంటే స్టేషనుకి టీ ఉండదు. ఇలా మీనమేషాలు లెక్కపెడుతుండగానే వారం ఆఖరి రోజు వచ్చి నెత్తిన కూర్చుంది.

ఆ రోజు ఎస్సై గారు జీపులో మొహం వేలాడేసుకుని వెళుతుంటే మునిసిపాలిటీ గోడ పక్కన ఇస్త్రీ బండి కనిపించింది. గవర్రాజు వంచిన తల ఎత్తకుండా ఒక తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఆ బండీ, ఆ మూలా, ఆ ఇత్తడి పెట్టే అన్నీ అతనికి తల్లి దగ్గర్నుంచి వచ్చినవే. కొబ్బరి చిప్పల బొగ్గులతో నడిచే పెద్ద పెట్టె అది. ఊళ్ళో పెళ్ళివారి పట్టుపంచెల దగ్గర్నుంచి బడిపిల్లల నిక్కర్ల దాకా దాని కిందనుంచి రావలసిందే.

ఎస్సై జీపు ఆపించాడు. "నూకరాజూ, అది చూడవయ్యా. దాని ముక్కు ఎలా ఉంది?"

హెడ్ కానిస్టేబుల్ నూకరాజు కళ్ళు చికిలించాడు. "మొనదేలి ఉందండి."

"బరువు?"

"నెత్తి మీద పడితే మనిషి మరి లేవడండి."

"లోపల?"

"నిప్పులండి."

"కింద?"

"చక్రాలండి."

ఎస్సై గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయుధం, అగ్ని, వాహనం మూడూ ఒకే చోట, ఒకే మనిషి దగ్గర, ఏ బావమరిదీ కాని మనిషి దగ్గర దొరికాయి. దేవుడున్నాడనుకున్నాడాయన.

"ఏటండి బాబూ ఇది? నేనేం చేశానండి?" అని, జీపు దిగి బండి పట్టుకున్న పోలీసుల్ని చూసి గవర్రాజు బిత్తరపోయాడు.

"నువ్వేం చెయ్యలేదు. చెయ్యకముందే పట్టుకున్నాం" అన్నాడు ఎస్సై.

"మరి నన్నూ తీసుకుపోతారాండి?"

"నువ్వెందుకూ? ఇది వస్తువుల వారం. మనుషుల వారం వచ్చే నెల."

నూకరాజు అక్కడే బండి మీద కాగితం పెట్టుకుని పంచనామా రాశాడు. నూకరాజు చేతిరాతకి జిల్లా అంతా పేరు. కళ్ళతో చూసినది ఏదీ వదలకుండా రాస్తాడు, అనవసరమైనవి ఇంకొంచెం శ్రద్ధగా రాస్తాడు. 'మొనదేలిన ముక్కు గలదియు, తగిలిన యెడల ప్రాణహాని కలిగించునదియు నగు ఇత్తడి ఆయుధము ఒకటి. అందు నిప్పులు రాజుకొనియున్నవి. సదరు ఆయుధము మిక్కిలి వేడిగా ఉన్నది. స్వాధీన సమయమున సదరు ఆయుధము పని చేయుచున్నది. దానిచే ఒక తెల్ల చొక్కా కుడి చెయ్యి ఇస్త్రీ చేయబడినది, ఎడమ చెయ్యి చేయబడలేదు.' ఇద్దరు దారినపోయేవాళ్ళ చేత సంతకాలు పెట్టించి, బండిని జీపుకి కట్టి లాక్కుపోయారు. మర్నాడు పేపర్లో ఇస్త్రీ పెట్టె ఫొటో, దాని వెనకాల ఛాతీలు విరిచిన స్టేషను సిబ్బంది ఫొటో పడ్డాయి. పక్కనే ఎడమ చెయ్యి ముడతలు పడ్డ చొక్కా ఒకటి దండెం మీద వేలాడుతోంది.

ఆ చొక్కా ప్లీడరు కోనేటి మంగపతి గారిది. అది తర్వాత చెబుతాను.

బండి పోయిన సాయంత్రమే గవర్రాజు స్టేషనుకి వెళ్ళాడు. వెళ్ళకపోతే ఎలా, నిప్పులు అలాగే వదిలేస్తే బూడిద పేరుకుని పెట్టె పాడైపోతుంది. ఆ భయంతో వెళ్ళేసరికి అక్కడ ఒక కానిస్టేబులు టోపీతో పెట్టెని విసురుతున్నాడు. ఇంకొకడు ఊదుతూ దగ్గుతున్నాడు. ఎస్సై గారు పంచనామా చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"సమయానికొచ్చావు. ఇది చల్లారిపోతోందయ్యా" అన్నాడు గవర్రాజుని చూసి.

"చల్లారనివ్వండి బాబూ. రేపొచ్చి అట్టుకెళ్తాను."

"చల్లారనివ్వడమా? 'మిక్కిలి వేడిగా ఉన్నది' అని పంచనామాలో ఉంది. స్వాధీనపరచుకున్న వస్తువుని స్వాధీనమప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే భద్రపరచాలి. ఇది చల్లారితే సాక్ష్యం చల్లారినట్టు. సాక్ష్యాన్ని మార్చిన నేరం మా మీద పడుతుంది."

"అయితే నాకిచ్చెయ్యండి. నేను రోజూ వేడిగానే ఉంచుతానండి, నా పనే అదండి."

"ఇచ్చేస్తే స్వాధీనం ఎలా అవుతుందయ్యా? నీకు చట్టం తెలియదు గనక ఏం అనడం లేదు. నువ్వే ఇక్కడికొచ్చి వేడిగా ఉంచు."

"మరి బొగ్గులండి?"

నూకరాజు జాలిగా చూశాడు. "గవర్రాజూ, పెట్టె ప్రభుత్వ అధీనంలో ఉంది గానీ బొగ్గులు స్వాధీనం కాలేదు కదా. బొగ్గులు నీవే."

అలా గవర్రాజు తన పెట్టెకి కాపలాదారయ్యాడు. పొద్దున్నే బొగ్గుల గోనె భుజాన వేసుకుని రావడం, స్టేషను వరండాలో కూర్చుని పెట్టె రాజెయ్యడం, సాయంత్రం నూకరాజు చెయ్యి పెట్టి చూసి 'మిక్కిలి వేడి' అని రాసుకున్నాక ఇంటికి వెళ్ళడం అతని ఉద్యోగం అయింది. జీతం మాత్రం లేదు. కొన్నాళ్ళకి నూకరాజుకి ఇంకో ధర్మసందేహం వచ్చింది. పంచనామాలో వేడిగా ఉన్నదని మాత్రమే కాదు, పని చేయుచున్నదని కూడా ఉంది. ఊరికే వేడిగా కూర్చుంటే స్థితి మారినట్టు కాదా?

ఎస్సై గారు ఆలోచించి, చట్టాన్ని గౌరవించి, తన యూనిఫారం విప్పి ఇచ్చాడు.

అంతే, స్టేషను స్టేషనంతా చట్టాన్ని గౌరవించడం మొదలుపెట్టింది. ముందు కానిస్టేబుళ్ళ చొక్కాలు వచ్చాయి. తర్వాత సీఐ గారి సఫారీలు, వాళ్ళ ఆవిడ గారి గంజి చీరలు, పిల్లల బడి బట్టలు, వచ్చిపోయే చుట్టాల లాల్చీలు వచ్చాయి. ఒకరోజు స్టేషను కిటికీ కర్టెన్లు కూడా వచ్చాయి. గవర్రాజు నోరు విప్పబోతే నూకరాజు గొంతు తగ్గించి, "నీ మేలుకే చెబుతున్నాను. పెట్టె పనిలో లేదని రాస్తే కేసు పాడవుతుంది. కేసు పాడైతే నీ పెట్టె ఎప్పటికీ రాదు" అనేవాడు. గవర్రాజు నిట్టూర్చి నీళ్ళు చిలకరించేవాడు. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, ఆ వరండాలోనే దండేనికి ఆ తెల్ల చొక్కా వేలాడుతూ ఉండేది. కుడి చెయ్యి మడత విరగకుండా నిలబడి ఉంటే ఎడమ చెయ్యి ముడుచుకుపోయి ఉండేది. చిన్నప్పటి నుంచీ అతను ఏ చొక్కానీ సగంలో వదిలింది లేదు. చేతులు లాగేవి. ముట్టుకోబోతే సెంట్రీ తుపాకీ సవరించేవాడు.

అక్కడ ఊళ్ళో అతని మూల ఖాళీ అయిపోయింది. మునిసిపాలిటీ గోడకి ఎదురుగా రెయిన్‌బో డ్రై క్లీనర్స్ అని కొత్త షాపు వచ్చి చాలాకాలమైంది గానీ ఇన్నాళ్ళూ గవర్రాజు ఉండగా దాని మొహం చూసినవాడు లేడు. ఇప్పుడు ఒక్కొక్కరే అటు నడుస్తున్నారు. గవర్రాజు పెళ్ళాం లోవమ్మ ఇంటింటికీ తిరిగి, రేపు ఇచ్చేస్తాం, ఎల్లుండి ఇచ్చేస్తాం అని బతిమాలి పట్టుకొచ్చిన బట్టల మూటల్ని జనం మొహం మీదే తిరిగి పట్టుకుపోతున్నారు. ఇవాళ పెట్టె లేదు, రేపు ఖాతాదారులే లేకపోతే ఎల్లుండి ఆ పెట్టె వచ్చి ఏం లాభం? ఆ దిగులుతో లోవమ్మకి అన్నం సయించడం లేదు.

"ఏవయ్యా, నీకు సిగ్గూ ఎగ్గూ ఉందా?" అంది ఒకనాడు కంచం ముందు. "మీ అమ్మ పెట్టెని వాళ్ళు లాక్కుంటే, వాళ్ళ పెళ్ళాల చీరలకి నువ్వు గంజెట్టి మరీ చేత్తన్నావంట. ఊరంతా నవ్వుతున్నారు."

"చెయ్యకపోతే కేసు పోద్దంటన్నారే."

"ఎవరి కేసు? నువ్వు దొంగతనం చేశావా, ఆ పెట్టె చేసిందా? రేపు ప్లీడరు గారింటికి పద. పెట్టె రావాలి, ఇన్నాళ్ళు పోయిన మన గిరాకీకి పరిహారమూ రావాలి. నువ్వు అడగలేవు గానీ నేనడుగుతాను."

ప్లీడరు మంగపతి గారు వాళ్ళని చూడగానే లేచి నిలబడ్డారు. కక్షిదారులకి లేచి నిలబడే అలవాటు ఆయనకి లేదు. "నా చొక్కా ఏదీ?" అన్నారు.

అసలు సంగతేమిటంటే, మంగపతి గారికి కోర్టుకి వేసుకునే తెల్ల చొక్కాలు రెండే. ఒకటి స్టేషను దండెం మీద ఉంది. మిగిలింది ఒక రోజు వేసుకుంటే మర్నాడు ఉతుక్కోవాలి. దాంతో ఆయన ప్రాక్టీసు రోజు విడిచి రోజుకి పడిపోయింది. వాయిదాలు పట్టుకోలేక కక్షిదారులు ఇంకో ప్లీడరు దగ్గరికి పోతున్నారు. చొక్కా అడగడానికి స్టేషనుకి వెళితే, మీరు సాక్షి అవుతారో ముద్దాయి అవుతారో ఇంకా తేలలేదు, తేలాక కబురు చేస్తామన్నారట.

"ఫీజు సంగతి తర్వాత చూద్దాం. నా వృత్తి స్వేచ్ఛకి ఎడమ చేతి వైపు నుంచి భంగం కలిగింది. మీ పెట్టె, నా చొక్కా ఒకే దావాలో నడుపుతాను" అన్నారాయన పళ్ళు నూరుతూ. ఆ రాత్రే పిటిషను తయారయింది. వస్తువు తిరిగి ఇప్పించవలెననీ, అకారణ స్వాధీనానికి నష్టపరిహారం ఇప్పించవలెననీ, పైగా పోలీసువారు సదరు వస్తువుని సొంతానికి వాడుకుంటున్నారనీ రాశారు.

మేజిస్ట్రేటు గారు చదివి, స్వాధీనమైన వస్తువు పంచనామాలో రాసిన స్థితిలోనే ఉన్నదా, లేక ఎవరైనా వాడుతున్నారా, ఎస్సై ప్రమాణ పూర్వకంగా తెలపాలని నోటీసిచ్చారు.

నోటీసు అందగానే ఎస్సై గారు తలుపులేసుకుని నూకరాజుని పిలిచాడు. "మనం దాన్ని వాడుతున్నామా?"

"వాడడం అనకూడదండి. స్థితిని కాపాడుతున్నాం."

"స్థితి అంటే ఏమిటో మళ్ళీ చదువు."

నూకరాజు చదివాడు. 'కుడి చెయ్యి ఇస్త్రీ చేయబడినది, ఎడమ చెయ్యి చేయబడలేదు' దగ్గర ఎస్సై ఆపమన్నాడు. అంటే, స్వాధీన సమయానికి ఆ పెట్టె చేస్తున్న పని కుడి చెయ్యి ఇస్త్రీ. ఇంకేం చేసినా స్థితి మార్చినట్టే. ఇన్నాళ్ళూ తెలియక ఎన్ని వీపులు, ఎన్ని కాలర్లు, ఎన్ని ఎడమ చేతులు చేయించారో తలుచుకుని ఎస్సై గారికి ఒళ్ళు జలదరించింది. వెంటనే రాతపూర్వకంగా ఉత్తర్వు వేశాడు. 'సదరు ఆయుధముచే ఇకపై చొక్కాల కుడి చేతులు మాత్రమే ఇస్త్రీ చేయించవలెను. అతిక్రమించిన యెడల తీవ్రముగా పరిగణింపబడును.'

గవర్రాజు ఆ ఉత్తర్వు చదివించుకుని విన్నాడు. "అంటే మిగతాది చెయ్యొద్దాండి?"

"చేస్తే నేరం."

"అలాగేనండి" అన్నాడు గవర్రాజు. ఆ రోజు నుంచి కుడి చెయ్యి మాత్రం చేసి మడత పెట్టి ఇచ్చేసేవాడు. సిబ్బంది గొణిగారు గానీ, ఉచితంగా వచ్చే కుడి చెయ్యిని వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. తక్కిన చొక్కాని బయట చేయించుకుందామంటే పోలీసు శాఖలో చేరాక డబ్బిచ్చి ఇస్త్రీ చేయించుకున్న అలవాటు ఎవరికీ లేదు. మొత్తానికి జగ్గన్నదొడ్డి పోలీసులు ఒక చెయ్యి నిటారుగా, ఒళ్ళంతా నలిగిపోయి తిరగసాగారు. కుడి వైపు నుంచి చూస్తే కొత్త పెళ్ళికొడుకులు, ఎడమ వైపు నుంచి చూస్తే రాత్రంతా సంతలో పడుకున్నవాళ్ళు.

సరిగ్గా అప్పుడే జిల్లా ఎస్పీ గారు తనిఖీకి వచ్చారు. వరసలో నిలబడ్డ సిబ్బందిని ఈ చివర నుంచి ఆ చివరికి చూసి, ఆ చివర నుంచి ఈ చివరికి చూసి ఎస్సై ముందు ఆగారు.

"ఏమిటయ్యా ఈ అవతారం?"

ఎస్సైకి ఎటు చూసినా చిక్కే. పెట్టె మాట చెబితే కోర్టు కేసు, చెప్పకపోతే క్రమశిక్షణ కేసు. ఆ కంగారులో ఏం చెయ్యాలో తెలియక గట్టిగా సెల్యూట్ కొట్టాడు. కొట్టిన చెయ్యి ఫెళఫెళలాడుతూ కత్తిలా లేచింది. అది చూడగానే ఆయనకే బుర్రలో దీపం వెలిగింది.

"సార్, పౌరుడికి గానీ, పై అధికారికి గానీ కనిపించేది మన వందనం. వందనం చేసేది కుడి చెయ్యి. మిగతా శరీరం దానికి ఆధారం మాత్రమే సార్. అందుచేత మా స్టేషను పరిధిలో వందన హస్తానికి ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తున్నాం సార్."

ఎస్పీ గారు కళ్ళు మూసుకున్నారు. మొన్ననే రాష్ట్ర సమావేశంలో మీ జిల్లాలో నూతన ఆలోచనలు లేవని పెద్దలు ఆయనకి చీవాట్లు పెట్టారు. ఆయన కళ్ళు తెరిచేసరికి వాటిల్లో తడి ఉంది. "ఇంత మంచి భావన ఇన్నాళ్ళు ఎవరికీ ఎందుకు రాలేదయ్యా" అన్నారు.

వారం తిరక్కుండా సర్క్యులరు దిగింది. 'వందన హస్తం పథకము క్రింద జిల్లాలోని యావన్మంది పోలీసు సిబ్బంది తమ యూనిఫారము కుడి చెయ్యి మాత్రమే ఇస్త్రీ చేసికొనవలెను. తక్కిన భాగము వినయ సూచకముగా ముడతలతో ఉంచవలెను. రెండు చేతులు ఇస్త్రీ చేసికొన్నవారు అహంకారులుగా పరిగణింపబడుదురు.' ఎస్సై పురంధర్‌కి ప్రశంసాపత్రం వచ్చింది. జిల్లా నలుమూలల నుంచీ కుడి చేతుల ఇస్త్రీ నేర్చుకోవడానికి కానిస్టేబుళ్ళు జగ్గన్నదొడ్డికి శిక్షణకి వచ్చారు. గవర్రాజు వరండాలో వాళ్ళందరికీ చేసి చూపించాడు, అదీ ఉచితంగానే. శిక్షకుడి పేరు దగ్గర నూకరాజు తన పేరు రాసుకున్నాడు.

"మన పెట్టె జిల్లాకే గురువయిందంట కదా" అంది లోవమ్మ. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. గవర్రాజు గోడకి జారబడి కూర్చుని తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. అతనికి మొదటిసారి కోపం వచ్చింది.

విచారణ రోజు వచ్చింది. మంగపతి గారు ఉన్న ఒక్క చొక్కా వేసుకుని వచ్చారు. ఎస్సై, నూకరాజు, వాళ్ళ వెనక నలుగురు కానిస్టేబుళ్ళు సర్క్యులరు ప్రకారం కుడి చేతులు నిటారుగా, తక్కిన ఒళ్ళు వినయంగా పెట్టుకుని వచ్చారు. మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎస్సై గారూ, ఆ ఇస్త్రీ పెట్టెని మీరెవరైనా వాడుతున్నారా?"

"ఎంతమాత్రం లేదండి. స్వాధీనమైన నాటి నుంచీ సీలు వేసి, మనిషి చెయ్యి తగలకుండా భద్రపరిచామండి."

"పంచనామాలో రాసిన స్థితిలోనే ఉందా?"

"అక్షరం పొల్లుపోకుండా ఉందండి."

"తెప్పించండి చూద్దాం."

నూకరాజు బయటికి వెళ్ళి పెట్టెని తెచ్చాడు. తెల్లగుడ్డలో చుట్టి, పైన ఎర్ర లక్కతో సీలు వేసి ఉంది. ఆ పొద్దున్నే గవర్రాజు చేత రాజేయించి మరీ కట్టారు, మిక్కిలి వేడి ఉండాలి గదా. నూకరాజు దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకీ, ఆ చేతిలోంచి ఈ చేతిలోకీ మార్చుకుంటూ, ఉఫ్ ఉఫ్ అంటూ, ఒంటికాలి మీద గెంతుతూ నడిచొచ్చాడు. దారి పొడుగునా లక్క కరిగి బొట్లు బొట్లుగా రాలింది. ఇక పట్టుకోలేక మేజిస్ట్రేటు గారి బల్ల మీద పెట్టేశాడు. చుట్టిన గుడ్డ నల్లబడింది. బల్ల మీద పరిచిన పచ్చగుడ్డ లోంచి పొగ లేచింది. కోర్టు హాలంతా కమురు వాసన.

గవర్రాజు ఒక్క అంగలో వచ్చి పెట్టె పిడి పట్టుకుని లేపాడు. పచ్చగుడ్డ మీద మొనదేలిన ముక్కుతో సహా పెట్టె అచ్చు నల్లగా పడింది.

మేజిస్ట్రేటు గారు ఆ అచ్చు కేసి చూశారు. "ఎస్సై గారూ, మనిషి చెయ్యి తగలకుండా ఇది ఇన్నాళ్ళు ఎలా వేడిగా ఉంది?"

ఎస్సై ఏం చెయ్యాలో తోచక అలవాటు కొద్దీ సెల్యూట్ కొట్టాడు. మేజిస్ట్రేటు గారు ఆ చేతినీ, పెట్టెతో పాటు స్టేషను నుంచి తెచ్చిన, ప్లీడరు గారు సాక్ష్యంగా పైకెత్తి పట్టుకున్న తన చొక్కా కుడి చేతినీ మార్చి మార్చి చూశారు. రెండింటికీ మడత ఒకే చోట, ఒకే వాటంగా ఉంది.

"ఏమయ్యా, ఈయన చెయ్యి ఇస్త్రీ చేసింది నువ్వేనా?" అని గవర్రాజుని అడిగారు.

"నేనేనండి. ఈయనదే కాదండి, జిల్లాలో చాలా చేతులు నావేనండి."

"మరి ఎడమ చెయ్యి ఎందుకు చెయ్యలేదు?"

"చేస్తే నేరమన్నారండి."

హాలు గొల్లుమంది. మేజిస్ట్రేటు గారు కూడా నవ్వు దాచుకోవడానికి కాసేపు కాగితాలు తిరగేశారు. తర్వాత మొహం గట్టిపడింది. పెట్టె, బండి, చొక్కా ఈ నిమిషమే అప్పగించాలన్నారు. ఏ ఉత్సవం వచ్చినా సరే, ఎవరూ మళ్ళీ గవర్రాజు పెట్టె మీద చెయ్యి వెయ్యరాదన్నారు. నష్టపరిహారం ఎంతన్నది శాఖవారే త్వరితగతిన తేల్చి చెల్లించాలని ఉత్తర్వు వేశారు. లోవమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెట్టెని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుడ్డలో ఎత్తుకుని ఇంటికి నడిచింది, చేతులు కాలుతున్నా ఎవరికీ ఇవ్వలేదు. గవర్రాజు మాత్రం మునిసిపాలిటీ గోడ దగ్గరే ఆగిపోయి, బండి నిలబెట్టుకుని, పెట్టె వెనక్కి తెప్పించుకుని, ముందుగా మంగపతి గారి చొక్కా ఎడమ చెయ్యి ఇస్త్రీ చేశాడు. అది పూర్తయ్యాకే మంచినీళ్ళు తాగాడు.

శాఖవారి దగ్గర్నుంచి జాబు వచ్చేసరికి ఎండాకాలం పోయి వానలొచ్చాయి. మంగపతి గారు చదివి వినిపించారు. 'అర్జీదారు తన జీవనోపాధి కోల్పోయెనని చెప్పుట సరికాదు. సదరు కాలమంతయు అతడు ప్రతిదినము ఇస్త్రీ చేయుచునే ఉండెనని కోర్టు రికార్డుల వలన తేటతెల్లమగుచున్నది. అయినను మానవతా దృక్పథముతో నష్టపరిహారము విషయము పరిశీలనలో ఉన్నది. ఈలోగా అర్జీదారు యొక్క ఆయుధము వలన దగ్ధమైన కోర్టు పచ్చగుడ్డ ఖరీదును అతడు వెంటనే చెల్లించవలెను.'

గవర్రాజు ఆ జాబు రెండోసారి చదివించుకున్నాడు. "పరిశీలనలో ఉందంటే ఏంటండి?"

"ఉందంటే ఉంది, లేదంటే లేదు. మన ప్రాణం పోయేదాకా అలాగే ఉంటుంది" అన్నారు మంగపతి గారు.

"అంతేనాండి" అన్నాడు గవర్రాజు. జాబులోని ఆ మాట మాత్రం మనసులో దాచుకున్నాడు.

వందన హస్తం పథకం నెమ్మదిగా మూలపడింది. కోర్టులో జరిగింది పేపర్లో పడ్డాక ఎస్పీ గారు వేరే జిల్లాకి బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినాయన రెండు చేతులూ ఇస్త్రీ ఉండాలన్నారు. అంతలో మళ్ళీ స్వాధీన వారోత్సవాలు వచ్చాయి. ఈసారి గవర్రాజు పెట్టె ముట్టుకోవడానికి కోర్టు ఉత్తర్వు అడ్డం. అందుచేత ఎస్సై పురంధర్ బాగా ఆలోచించి, ఎదురుగా ఉన్న రెయిన్‌బో డ్రై క్లీనర్స్‌లోకి వెళ్ళి, తీగ వెంట ప్రాణాంతకమైన విద్యుత్తు ప్రవహించుచున్నదని వాళ్ళ కరెంటు ఇస్త్రీ పెట్టెని స్వాధీనం చేసేసుకున్నాడు. దాన్ని వేడిగా ఉంచడానికి షాపు యజమాని ఇప్పుడు రోజూ స్టేషనుకి వెళుతున్నాడు. కాకపోతే స్టేషను కరెంటు బిల్లు కట్టక ఫ్యూజు పీకేశారు గనక అది వేడెక్కదు. ఊళ్ళో గిరాకీ అంతా మళ్ళీ మునిసిపాలిటీ గోడ పక్కకే వచ్చింది.

కొత్త ఎస్పీ గారి మొదటి తనిఖీకి ముందు రోజు ఎస్సై గారు తన యూనిఫారం మూట కట్టుకుని, మఫ్టీలో, గవర్రాజు బండి దగ్గరికి స్వయంగా వచ్చాడు. జేబులోంచి డబ్బు తీసి ముందే బండి మీద పెట్టాడు.

"గవర్రాజూ, పాతవన్నీ మనసులో పెట్టుకోకు. రేపు తనిఖీ. బాగా చెయ్యి."

"అయ్యో, మీకు కాకపోతే ఇంకెవరికి చేత్తానండి" అన్నాడు గవర్రాజు. నీళ్ళు చిలకరించాడు. కాలరు చేశాడు, వీపు చేశాడు, జేబుల మూతలు ఎత్తి లోపల కూడా చేశాడు. ప్యాంటు మడత గీత గీసినట్టు తీశాడు. కుడి చెయ్యి మీద పెట్టెని రెండుసార్లు పోనిచ్చాడు. లోవమ్మ పక్కన నిలబడి బొగ్గులు ఎగదోస్తోంది. తర్వాత అతను పెట్టెని పక్కన పెట్టి, చొక్కాని శ్రద్ధగా మడిచి, రెండు చేతులతో అందించాడు.

ఎస్సై విప్పి చూశాడు. ఎడమ చెయ్యి ముడుచుకుపోయి వేలాడింది.

"ఇదేంటయ్యా?"

"ఎడం చెయ్యి పరిశీలనలో ఉందండి" అన్నాడు గవర్రాజు.